షాంఘై దాయాదులు



షాంఘై ఆకాశహర్మ్యాల గురించి రాయమని పిన్ని అడిగింది. అవి ఎక్కడికీ పోవు, ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం బాబాయి కోసం. ఈ వారాంతంలో ఇక్కడ షాంఘై షెన్‌హువాకీ షాంఘై పోర్ట్‌కీ మధ్య చైనా సూపర్ లీగ్ మ్యాచ్ ఉంది. రెండూ ఈ ఊరి జట్లే. ఒకరిది నీలం, ఇంకొకరిది ఎరుపు. నాకు టికెట్టు దొరికింది! కాగితం ముక్కంటూ ఏదీ ఇవ్వరు. ఫోనులో కొనేటప్పుడే మన పేరూ పాస్‌పోర్టు నంబరూ రాయించుకుంటారు, గేటు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే లోపలికి పంపుతారు. ఒకరి పేరున కొన్న టికెట్టు మీద ఇంకొకరు వెళ్లడం కుదరదు.

ఈ మ్యాచ్ సంగతి అర్థం కావాలంటే ముందు ఏరు సంగతి తెలియాలి. హువాంగ్‌పు నది ఊరి నడిమధ్యలోంచి పోతుంది. పడమటి గట్టు పుషీ, తూర్పు గట్టు పుదోంగ్. మన రాజమండ్రినీ కొవ్వూరునూ కలిపేసి, రెండు గట్లనూ ఒకే మహానగరం చేసి, 2020 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 2.49 కోట్ల మందిని అందులో కూర్చోబెట్టినట్టు ఊహించుకోండి. గోదావరి ముందు హువాంగ్‌పు సన్నని ఏరే, కానీ మీద తిరిగే ఓడలకు లెక్కలేదు. కింద నుంచి మెట్రో సొరంగాలున్నా, పైన పెద్ద పెద్ద వంతెనలున్నా, రేవు పడవలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. రెండు యువాన్లిస్తే అవతలి గట్టున దించుతాయి. స్కూటర్లతో సహా జనం ఎక్కేస్తారు. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం అదే.

పుషీ పాత ఊరు. బ్రిటిష్, ఫ్రెంచ్ కాలపు మేడలు, చెట్ల నీడన సందులు, బట్టలు ఆరేసిన బాల్కనీలు అన్నీ అటువైపే. పుదోంగ్ చాలా భాగం 1990 దాకా పొలాలూ గోదాములూ. పుదోంగ్‌లో ఇల్లు కన్నా పుషీలో ఒక మంచం మేలని అప్పట్లో షాంఘై వాళ్లు అనేవాళ్లట. 1990లో ప్రభుత్వం పుదోంగ్‌ను అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించాక ఆ పొలాల్లోనే ఇవాళ 632 మీటర్ల షాంఘై టవర్ నిలబడింది. పిన్నీ, మీకోసం ఒక మేడ గురించి రాసేశాను చూడండి.

ఇప్పుడు జట్ల దగ్గరికి వస్తాను. షెన్‌హువా 1993 డిసెంబరులో పుట్టింది. మరుసటి ఏడాది చైనాలో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది కాబట్టి లీగ్ వయసే ఈ జట్టు వయసు. పాత ఊరి కుటుంబాల్లో తాతా తండ్రీ కొడుకూ ముగ్గురూ నీలం చొక్కాలే. పోర్ట్ వయసులో చిన్నది, 2005లో పుట్టింది. దాని వెనక ఉన్నది షాంఘై రేవు నడిపే సంస్థ. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కంటెయినర్లు దిగే రేవు ఇదే, 2024లో ఐదు కోట్ల కంటెయినర్ల లెక్క దాటింది. లోకంలో ఏ రేవూ అంతకుముందు ఆ లెక్కను ముట్టుకోలేదు. షెన్‌హువాను 2023లో జియుషీ అనే నగర ప్రభుత్వ సంస్థ తీసుకుంది. ఊళ్లో బస్సులు నడిపేది కూడా వాళ్లే. అంటే ఈ వారాంతంలో తలపడుతున్నది ఊరి రేవూ ఊరి బస్సులూ అన్నమాట.

కానీ నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి ఇది కాదు. బాబాయ్, ఈ రెండు జట్ల కథలోనూ ఉన్నది ఒక్క మనిషి. పేరు షూ గెన్‌బావ్. షాంఘైలోనే 1944లో పుట్టాడు. 1995లో షెన్‌హువాకు కోచ్‌గా ఉండి లీగ్ గెలిపించాడు. బంతి పోగానే మీద పడి లాక్కోవడం, ఊపిరి తీసుకోనివ్వకుండా నొక్కడం, చుట్టుముట్టడం ఆయన పద్ధతి. ఆ ఏడాది ఫాన్ జీయీ అనే ఆటగాడు 15 గోల్స్ కొట్టి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. తర్వాత అతను ఇంగ్లండ్ వెళ్లి క్రిస్టల్ ప్యాలెస్‌కు ఆడాడు.

అంత పేరు సంపాదించిన మనిషి 2000లో చోంగ్‌మింగ్ దీవికి వెళ్లి మకాం పెట్టాడు. యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలిసేచోట, నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన దీవి అది. మన లంకల్లాగే ఉంటుంది, కాకపోతే ఒక జిల్లా అంత లంక. ఇప్పుడు సొరంగమూ వంతెనా ఉన్నాయి కానీ అవి 2009లో వచ్చాయి. అప్పట్లో దీవికి పడవే దిక్కు. అక్కడ పదేళ్లూ పన్నెండేళ్లూ ఉన్న పిల్లల్ని పోగుచేసి, బడీ, పడకా, మైదానమూ అన్నీ ఒకేచోట పెట్టి ఆట నేర్పాడు. ఆ పిల్లలకు ఆడటానికి ఒక జట్టు కావాలని 2005లో స్థాపించిందే నేటి పోర్ట్. అప్పటి పేరు షాంఘై ఈస్ట్ ఏషియా.

వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? మూడో అంచెలో. 2006లో ఆ జట్టు తరఫున వూ లెయ్ అనే పిల్లవాడు మైదానంలోకి దిగినప్పుడు అతని వయసు 14 ఏళ్ల 287 రోజులు. చైనా వృత్తి ఫుట్‌బాల్‌లో అంత చిన్నవాడు అంతకుముందు ఎవరూ ఆడలేదు. 2007లో రెండో అంచెకు ఎక్కారు, 2012లో అది గెలిచి 2013లో పెద్ద లీగ్‌లోకి వచ్చారు. అదే పిల్లలు, అదే జట్టు! పెద్ద లీగ్‌లోకి వచ్చిన తర్వాతే రేవు సంస్థ డబ్బు తోడైంది. 2018లో మొదటి టైటిల్, తర్వాత 2023లో, 2024లో వరసగా మరో రెండు. ఆయన పాత జట్టు షెన్‌హువా లీగ్ గెలిచింది 1995లో ఒక్కసారే. పెద్దకొడుకుకి పేరు మిగిలింది, చిన్నకొడుకుకి ఆస్తి దక్కింది. మన వైపు దాయాదుల తగువులన్నీ ఇలాగే కదా మొదలయ్యేది.

షెన్‌హువాకు 2003 టైటిల్ కూడా ఉండేది. ఆ సీజన్లో మ్యాచ్‌లు ముందే కుదుర్చుకున్నారని తేలడంతో 2013లో చైనా ఫుట్‌బాల్ సంఘం దాన్ని లాగేసుకుంది. మొన్నొక రోజు షెన్‌హువా ఆట చూడటానికి వెళ్లాను. ఉత్తరం వైపు మెట్ల మీద నీలం కండువాలు కప్పుకున్న వేలమంది డోలు కొడుతూ షెన్‌హువాయే ఛాంపియన్ అని అరుస్తున్నారు. గెలుస్తున్నా ఓడుతున్నా ఆ కేక ఆగదు. ముప్పై ఏళ్ల కిందటి టైటిల్‌ను అంత గట్టిగా పట్టుకున్న జనాన్ని చూసి నా గుండె నిండిపోయింది. నేను నీలం వైపు వెళ్లిపోయింది ఆ క్షణంలోనే.

స్టేడియం సంగతి ఇంకా చిత్రం. ఆట జరిగేది షాంఘై స్టేడియంలో. 1997లో చైనా జాతీయ క్రీడల కోసం కట్టారు. గుర్రపు జీను ఆకారంలో తెల్లటి పైకప్పు పైకి లేచి కిందికి దిగుతూ ఉంటుంది. ఈ ఊరివాళ్లు దాన్ని ‘ఎనభై వేల మంది స్టేడియం’ అంటారు. ఈ మధ్య ఫుట్‌బాల్ కోసం బాగుచేసి తిరిగి తెరిచాక కుర్చీలు 72 వేలకు తగ్గాయి గానీ జనం నోట పాత పేరే ఆడుతోంది. మెట్రో నాలుగో లైన్‌లో స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది. ఇవాళ ఇది షెన్‌హువా సొంత మైదానం. కానీ అంతకుముందు ఏళ్ల తరబడి ఇక్కడ ఆడింది పోర్ట్. వాళ్ల 2018 టైటిల్ ఈ గడ్డ మీద గెలిచిందే. ఇప్పుడు వాళ్లు అదే గేటులోంచి అతిథులుగా వస్తారు, మూలన కేటాయించిన కాసిని కుర్చీల్లో వాళ్ల అభిమానుల్ని కూర్చోబెడతారు, రెండు పక్కలా ఖాళీ వరసలు వదిలి భద్రతా సిబ్బందిని నిలబెడతారు.

పోర్ట్ కొత్తిల్లు పుదోంగ్‌లో ఉంది. అదీ చూసి వచ్చాను. తెల్లటి పింగాణీ గిన్నెను నేల మీద పెట్టినట్టు నున్నగా, గుండ్రంగా ఉంది. ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు. ఆ స్టేడియంలో మొదట జరిగిన పెద్ద పండుగ మాత్రం ఫుట్‌బాల్ కాదు. 2020 అక్టోబర్ 31న లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ ప్రపంచ ఫైనల్ జరిగిందక్కడ. ఈ మాట మన ఇంట్లో కుర్రాళ్లకు చెప్పండి, సంతోషిస్తారు.

షెన్‌హువా పాతిల్లు హోంగ్‌కౌ స్టేడియం. మూడో లైన్ మెట్రో అక్కడ పైవంతెన మీద నడుస్తుంది, కిటికీలోంచే స్టేడియం కనబడుతుంది. చైనాలో ఫుట్‌బాల్ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి స్టేడియం అదే, 1999లో కట్టారు. 2007 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ బ్రెజిల్‌ను 2-0తో ఓడించింది కూడా అక్కడే. పక్కనే లూషన్ పార్కు. మన అభ్యుదయ సాహిత్యం చదివిన మీకు ఆ పేరు కొత్త కాదు. రచయిత లూషన్ సమాధి ఆ పార్కులోనే ఉంది, ముందు కూర్చున్న విగ్రహం ఉంది. పొద్దున పూట ముసలివాళ్లు ఆ చుట్టుపక్కల నెమ్మదిగా చేతులు తిప్పుతూ వ్యాయామం చేస్తారు, కొందరు బృందాలుగా పాటలు పాడతారు, కొందరు పెద్ద కుంచెను నీళ్లలో ముంచి బండల మీద అక్షరాలు రాస్తారు. ఎండ తగలగానే అక్షరాలు ఆవిరైపోతాయి, మళ్లీ రాస్తారు. అంత ప్రశాంతమైన చోటుకు గోడ అవతల వేలమంది డోళ్లతో గోల చేసేవారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. రెండూ చూసినవాడికి మాత్రం ఈ ఊరి స్వభావం తెలిసిపోతుంది.

ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఒక దశాబ్దం పాటు డబ్బు వరదలా వచ్చింది. షెన్‌హువాకు 2012లో విదేశీ తారలు అనెల్కా, ద్రోగ్బా వచ్చారు, 2017లో టెవెజ్ వచ్చాడు. పోర్ట్ అయితే చెల్సీ నుంచి ఆస్కార్‌ను దాదాపు ఆరు కోట్ల యూరోలిచ్చి తెచ్చుకుంది. వచ్చినవాళ్లలో చాలామంది ఏడాది, రెండేళ్లలో వెళ్లిపోయారు. ఆస్కార్ మాత్రం 2017 నుంచి 2024 సీజన్ చివరిదాకా ఉన్నాడు, అందుకే అతని పేరు చెబితే ఎర్రచొక్కాల వాళ్ల ముఖాలు వెలుగుతాయి. ఆ ఖర్చులో ఎక్కువ భాగం స్థిరాస్తి వ్యాపారుల చేతుల్లోంచి వచ్చింది. యజమానుల వ్యాపారం కూలగానే జట్లూ కూలాయి. జియాంగ్సు జట్టు 2020 నవంబరులో లీగ్ గెలిచి, 2021 ఫిబ్రవరిలో తలుపులు మూసేసింది. ఎనిమిది సార్లు లీగ్, రెండుసార్లు ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచిన గ్వాంగ్‌జౌ జట్టు 2025 జనవరిలో అంతరించింది. మన దగ్గర కప్పు గెలిచిన జట్టు నాలుగు నెలల్లోపే లేకుండా పోతే ఊరు ఊరుకుంటుందా? జియాంగ్సు అభిమానుల బాధ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ జట్టు కెప్టెన్ వూ షీ తర్వాత షెన్‌హువాకు కెప్టెన్ అయ్యాడు. అతను మైదానంలోకి వస్తుంటే చప్పట్లు కాస్త ఎక్కువసేపు కొట్టాలని నిశ్చయించుకున్నాను.

డబ్బు వెంబడే దొంగతనమూ వచ్చింది. ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడు చెన్ షూయువాన్‌కు 2024 మార్చిలో లంచాల కేసులో యావజ్జీవ శిక్ష పడింది. సంఘానికి రాకముందు ఆయన షాంఘై రేవు సంస్థకు అధిపతి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ జట్టు మాజీ కోచ్ లీ తియెకు 20 ఏళ్ల జైలు పడింది. నూట నలభై కోట్ల దేశం ప్రపంచకప్‌కు వెళ్లింది 2002లో ఒక్కసారి, అక్కడ ఆడిన మూడూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా జనం స్టేడియాలకు వస్తున్నారంటే వాళ్ల ప్రేమ జాతీయ జట్టు కన్నా, సంఘం కన్నా ముందు తమ ఊరి జట్టు మీద ఉందని నాకు అర్థమైంది.

ఆట చూసే తీరు మన క్రికెట్ మైదానాలకు భిన్నం. గేటు దగ్గర లైటర్లూ నీళ్ల సీసాలూ తీసేసుకుంటారు. లోపలికి వెళ్లే దారంతా కండువాలు అమ్మేవాళ్లు. ఆటకు ముందు తినేది షెంగ్‌జియెన్. పెద్ద ఇనప పెనం మీద గుండ్రటి పిండి ఉండల్ని వరసగా పేర్చి, మూతపెట్టి, అడుగు ఎర్రగా కరకరలాడేదాకా వేయించి, పైన నువ్వులూ ఉల్లికాడలూ చల్లి ఇస్తారు. లోపల వేడి పులుసు ఉంటుంది, ముందు చిన్న చిల్లు పెట్టి పీల్చుకుని తర్వాత కొరకాలి. పిన్నీ, లోపల మామూలుగా పంది మాంసం ఉంటుంది, మీరు వస్తే కూరగాయలవి వెతుకుదాం. ఆట అయ్యాక ఆటగాళ్లు వెంటనే వెళ్లిపోరు. ఓడినా సరే, వరసగా చేతులు పట్టుకుని ప్రతి వైపుకూ వచ్చి తలవంచి దండం పెట్టి వెళతారు. ఈ ఆచారం నాకు ఎంతో నచ్చింది.

ఇక ఆట ఎలా ఉంటుందంటారా? 2024లో చివరిరోజు దాకా లాగిన పోటీ ఇది. పోర్ట్ 78 పాయింట్లు, షెన్‌హువా 77. ఒక్క పాయింటు! పోర్ట్ ఆ సీజన్లో 30 ఆటల్లో 96 గోల్స్ కొట్టింది, అందులో 34 వూ లెయ్‌వే. ఒక్క సీజన్లో అన్ని గోల్స్ ఈ లీగ్‌లో ఎవరూ కొట్టలేదు. అతను అంతకుముందు స్పెయిన్‌లో ఎస్పాన్యోల్‌కు ఆడి 2020 జనవరిలో బార్సిలోనా మీద గోల్ కొట్టి వచ్చినవాడు. 2024లో పోర్ట్ కోచ్ ఆస్ట్రేలియావాడు కెవిన్ మస్కట్, ముందుకు దూకి ఆడించే మనిషి. గోల్‌కీపర్ యాన్ జున్‌లింగ్ కూడా చోంగ్‌మింగ్ దీవిలో పెరిగినవాడే. రక్షణలో జియాంగ్ గ్వాంగ్‌తాయ్ ఉన్నాడు. పుట్టింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, ఆడింది ఎవర్టన్‌కు. తల్లి వైపు తాత చైనావాడు కావడంతో ఇక్కడి పౌరుడై జాతీయ జట్టుకు ఆడుతున్నాడు.

2024లో షెన్‌హువా కోచ్ రష్యాకు చెందిన లియోనిద్ స్లుట్‌స్కీ. 2016 యూరో కప్పులో తన దేశ జట్టును నడిపించాడు. ఈయన జట్టు తొందరపడదు, రక్షణ గట్టిగా కట్టుకుని అవకాశం కోసం కాచుకుంటుంది. లీగ్ టైటిళ్లు పోర్ట్‌వే అయినా, ఒక్క ఆటతో తేలే పోటీ అయితే నీలం వాళ్ల చెయ్యే పైన. సూపర్ కప్పులో వరసగా రెండేళ్లు పోర్ట్‌ను ఓడించారు, 2024లో 1-0, 2025లో 3-2. అంతకుముందు 2017లో దేశపు ఎఫ్ఏ కప్ ఫైనల్ ఈ రెండు జట్ల మధ్యే రెండు ఆటలుగా జరిగింది. నీలం వాళ్లు సొంత గడ్డ మీద 1-0తో గెలిచారు, అవతల 2-3తో ఓడారు. మొత్తం మీద సమానమైతే అవతలి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లదే కప్పు, అది షెన్‌హువాకు వెళ్లింది. ఆ రాత్రి కథ ఈ ఊళ్లో నీలం చొక్కా వేసుకున్న ప్రతివాడూ చెబుతాడు.

ఒక సంగతి మీకు తప్పక చెప్పాలి. ఇక్కడి నుంచి రైల్లో అరగంట దూరంలో సూజౌ ఉంది. 2018 అక్టోబర్ 13న మన భారత జట్టు అక్కడే చైనాతో 0-0గా ఆడింది. ఆ సంగతి తెలిసిన స్థానిక అభిమాని ఒకతను, నేను భారతీయుడినని చెప్పగానే నన్ను గౌరవంగా చూశాడు. నేను అతనికి మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పాను. హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలవడం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలవడం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తేవడం, అన్నీ ఆయన శిక్షణలోనే అని చెప్పాను. అతను చాలాసేపు విని, మీకూ ఒక షూ గెన్‌బావ్ ఉండేవాడన్నమాట అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. కాకపోతే వాళ్ల గురువు పెంచిన పిల్లలకు ఆడటానికి లీగ్ ఉంది, 72 వేల కుర్చీలున్నాయి. రహీం గారి హైదరాబాద్‌కు మనం అవి ఇవ్వలేదు, ఇవ్వాలి.

ఇక్కడ రాత్రి 7:35కి ఆట మొదలైతే మన గడియారంలో సాయంత్రం 5:05. వూ లెయ్ గోల్ కొడతాడేమోనన్న భయం ఉంది, అయినా నా అంచనా షెన్‌హువా 2, పోర్ట్ 1. మీరు ఎటువైపో వెంటనే రాయండి బాబాయ్.